పాత సిమెంటు రోడ్డు కంకర, ఫైబరు: కొత్త రోడ్డులో వాడవచ్చు, కానీ మందం తగ్గించవద్దు

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా ఒకసారి చెప్పుకుంటాను. హైదరాబాద్ శివారు బోడుప్పల్ వైపు ఉన్న మీ కాలనీలో 600 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, సుమారు 120 మి.మీ. మందం ఉన్న పాత సిమెంటు రోడ్డును పగలగొట్టి కొత్తది వేయాలని సంక్షేమ సంఘం తీర్మానించింది. పగలగొట్టిన కాంక్రీటు నుంచి తీసిన కంకరనే తిరిగి వాడి, దానిలో ఫైబరు (ప్లాస్టిక్ లేదా ఉక్కు పోగులు) కలిపి వేస్తే పర్యావరణానికి మేలని, ఖర్చు తగ్గుతుందని, పైగా ఫైబరు ఉంటుంది కనుక 180 మి.మీ. బదులు 150 మి.మీ. మందం సరిపోతుందని మీ గుత్తేదారు చెబుతున్నారు. ఆ మాటలు ఎంతవరకు నమ్మవచ్చో చెప్పమని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, పాత కంకరను వాడండి, ఫైబరునూ వాడండి. మందం తగ్గించడానికి మాత్రం ఒప్పుకోవద్దు, ఖర్చు తగ్గుతుందని ఆశపడవద్దు. పైన వేసే పలకలో ముతక కంకరలో నాలుగో వంతు వరకే పాతది కలపాలి. దాని కింద పరిచే లీన్ కాంక్రీటు (సిమెంటు తక్కువగా వేసే కాంక్రీటు) పొరలో ముతక కంకర మొత్తం పాతదే వాడవచ్చు. పర్యావరణానికి మేలు జరుగుతుందా లేదా అన్నది, గుత్తేదారు బలం కోసం ఎంత సిమెంటు అదనంగా పోస్తారు, ఏ రకం ఫైబరు వేస్తారు అన్న రెండు విషయాల మీద ఆధారపడి ఉంటుంది. నేను ఇరవై ఆరేళ్లు రోడ్ల నాణ్యతా నియంత్రణలో పనిచేశాను, అందులో ఎక్కువ భాగం హైదరాబాద్ చుట్టుపక్కలే. కింద చెప్పేదంతా ఆ పనిలో చూసినదాని నుంచి, మన ప్రమాణాల నుంచి చెబుతున్నది.

మొదట కంకర సంగతి. మన భారతీయ ప్రమాణం ఐఎస్ 383ను 2016లో సవరించినప్పుడు, కూల్చివేతల నుంచి వచ్చే కంకరను రెండు జాతులుగా విడదీశారు. కేవలం కాంక్రీటును పగలగొట్టి తీసినది ఒకటి. ఇటుక, సున్నం, ప్లాస్టరు, టైల్సు ముక్కలు అన్నీ కలిసి ఉన్న శిథిలాల నుంచి తీసినది రెండోది. మొదటి రకాన్ని ఇనుము లేని సాదా కాంక్రీటులో 25 శాతం వరకు, ఇనుము వేసే కాంక్రీటులో ఎం25 గ్రేడు (28 రోజులకు 25 ఎంపీఏ నలుగుడు బలం; ఎంపీఏ అంటే ఒత్తిడికి కొలమానం) దాకా మాత్రమే 20 శాతం వరకు, ఎం15 కంటే తక్కువ బలం ఉండే లీన్ కాంక్రీటులో 100 శాతం వరకు అనుమతించారు. రెండో రకానికి లీన్ కాంక్రీటులో తప్ప చోటు లేదు. ఫైబరు వేసినంత మాత్రాన మీ రోడ్డు ఇనుము వేసిన కాంక్రీటు కిందికి రాదు. అది సాదా కాంక్రీటు పలకే, కాబట్టి 25 శాతం పరిమితి వర్తిస్తుంది. రోడ్ల పనుల్లో ఈ శిథిలాల వాడకానికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి ఐఆర్‌సీ:121-2017 అనే మార్గదర్శకం కూడా ఉంది. ఫైబరు కాంక్రీటు రోడ్లకు ఐఆర్‌సీ:ఎస్‌పీ:46-2013, కాలనీ రోడ్ల వంటి తక్కువ రద్దీ గల సిమెంటు రోడ్లకు ఐఆర్‌సీ:ఎస్‌పీ:62-2014 ఉన్నాయి. గుత్తేదారును అడగవలసిన మొదటి ప్రశ్న, ఆయన ఈ మూడింటిలో దేనిని అనుసరించి మందం లెక్క కట్టారన్నది. ఆ లెక్క కాగితం చూపలేకపోతే, 150 మి.మీ. అన్న మాటకు ఆధారం లేనట్టే.

పాత కాంక్రీటును క్రషర్‌లో వేసి పగలగొట్టినప్పుడు వచ్చే ముక్క శుద్ధమైన రాయి కాదు. రాయి చుట్టూ పాత సిమెంటు మోర్టారు (గట్టిపడిన సిమెంటు, ఇసుక ముద్ద) అంటుకుని ఉంటుంది. హైదరాబాద్ పరిసరాల గ్రానైటు కంకర నీళ్లను ఒక శాతం లోపే పీల్చుకుంటుంది. పాత మోర్టారు అంటిన కంకర 4, 5 శాతం, కొన్నిసార్లు 7 శాతం దాకా పీలుస్తుంది. చెప్పుకోవడానికి చిన్న అంకెలే గాని, పనిస్థలంలో దీని ప్రభావం చాలా పెద్దది. ఒక ఘనపు మీటరు కాంక్రీటులో ముతక కంకర సుమారు 1,120 కిలోలు ఉంటుంది. అందులో నాలుగో వంతు, అంటే 280 కిలోలు పాత కంకర. అది పొడిగా ఉండి 5 శాతం పీలిస్తే 14 లీటర్లు, దాదాపు ఒక బిందెడు నీళ్లు, ప్రతి ఘనపు మీటరులోనూ సిమెంటుకు అందకుండా కంకర కడుపులోకి పోతాయి. అంతా ఒకేసారి పోవు కూడా. ఆర్ఎంసీ (కలిపి పంపే రెడీమిక్స్ కాంక్రీటు) ప్లాంటులో లారీకి ఎత్తినప్పుడు కాంక్రీటు చక్కగా జారుతూ కనిపిస్తుంది. ఉప్పల్ చౌరస్తా ట్రాఫిక్‌లో నలభై నిమిషాలు ఆగి వచ్చేసరికి బిగిసిపోయి ఉంటుంది.

ఆ తరువాత ఏం జరుగుతుందో నేను కళ్లారా చూశాను. కొన్నేళ్ల క్రితం, నగరానికి ఉత్తరాన ఒక పారిశ్రామికవాడ లోపలి రోడ్డుకు ప్రయోగాత్మకంగా పాత కంకర వాడారు. మే నెల, పన్నెండు గంటల ఎండ. కంకర కుప్పను ముందురోజు తడపలేదు. మొదటి లారీ వచ్చేసరికి స్లంప్ (పచ్చి కాంక్రీటు ఎంత జారుతుందో చెప్పే కొలత) మూడో వంతుకు పడిపోయింది. మేస్త్రీ అరిచాడు, డ్రైవరు పైపు తీసి డ్రమ్ములోకి నీళ్లు వదిలాడు. ఎన్ని వదిలాడో అతనికీ తెలియదు. ఆరు ఘనపు మీటర్ల లారీలో వంద లీటర్లు పోస్తే, 0.40గా ఉండవలసిన నీరు–సిమెంటు నిష్పత్తి 0.44 దాటుతుంది. ఆ పూట బలం పరీక్షకు పోసిన క్యూబులు 28 రోజులకు అనుకున్న బలానికి రాలేదు, రోడ్డు పైపొర ఏడాది తిరగకుండానే దుమ్ములా రాలడం మొదలుపెట్టింది. అందరూ పాత కంకరను తిట్టారు. నిజానికి తప్పంతా నీళ్ల లెక్కలోనే ఉంది. ఆ మర్నాటి నుంచి రాత్రంతా కుప్ప మీద స్ప్రింక్లరు తిప్పి, గోనెపట్టాలు కప్పి, తెల్లవారుజామున పైతడి ఆరనిచ్చి వాడితే, అదే కంకర, అదే సిమెంటు, బలం సరిగ్గా వచ్చింది. ఐఎస్ 383 కూడా ఎక్కువ నీళ్లు పీల్చే ఈ కంకరను ముందే తడిపి వాడే షరతు మీదనే ఒప్పుకుంటుంది.

కాబట్టి మీ ఒప్పందంలో రాయించవలసిన మొదటి షరతు: పాత కంకర కుప్పను కనీసం 12 గంటల ముందు నుంచి తడిపి ఉంచాలి, లారీ ప్లాంటు దాటిన తరువాత అందులో చుక్క నీరు కలపకూడదు. కాంక్రీటు బిగిసిపోతే ప్లాస్టిసైజరు (నీళ్లు పెంచకుండానే కాంక్రీటును జారేలా చేసే రసాయనం) కలపవచ్చు. దానికి ప్లాంటు మనిషి పనిస్థలంలో ఉండాలి.

పాత మోర్టారు మరో రెండు పనులు చేస్తుంది. కొత్త సిమెంటుకు, పాత మోర్టారుకు మధ్య ఒక అతుకు, పాత మోర్టారుకు, లోపలి రాయికి మధ్య ఇంకో అతుకు ఏర్పడతాయి. కాంక్రీటులో పగులు ఎప్పుడూ బలహీనమైన అతుకు వెంటే దారి చేసుకుంటుంది. అలాగే ఆరేకొద్దీ కాంక్రీటు కుంచించుకుపోవడం పెరుగుతుంది. ముతక కంకర మొత్తాన్ని మార్చేస్తే ఈ నష్టాలు బాగా కనిపిస్తాయి. నాలుగో వంతు దగ్గర ఆపితే, సరిగ్గా కలిపిన కాంక్రీటులో తేడా పరీక్షల సహజమైన హెచ్చుతగ్గుల్లో కలిసిపోతుందని నా అనుభవం. పాత కంకర వల్ల కాంక్రీటు స్థితిస్థాపక గుణకం (బిరుసుదనం) కొంత తగ్గుతుంది, దానివల్ల ఉష్ణోగ్రత ఒత్తిడులు కాస్త తగ్గుతాయని కొందరు వాదిస్తారు. సూత్రప్రాయంగా అది నిజమే. కానీ కుంచింపు పెరగడం వల్ల కలిగే నష్టం ఆ లాభాన్ని మింగేస్తుంది.

ఇక ఫైబరు. ఇక్కడే ఎక్కువ మంది పొరబడతారు, గుత్తేదార్లు పొరబడినట్టు నటిస్తారు. రోడ్లలో వాడే మోతాదులలో ఫైబరు, కాంక్రీటులో మొదటి పగులు రావడానికి కావలసిన ఒత్తిడిని పెద్దగా పెంచదు. పగులు వచ్చిన తరువాత దాని రెండు ఒడ్డులనూ పట్టి ఉంచుతుంది, వెడల్పు కాకుండా, నీరు దిగకుండా, బరువు ఒక పక్క నుంచి రెండో పక్కకు చేరేలా చూస్తుంది. మా గురువుగారు ఒకరు దీన్ని పెంకుటింటి మట్టిగోడలో కలిపే గడ్డితో పోల్చేవారు: గడ్డి వల్ల గోడ బరువు మోయదు, బీటలు వారినా విడిపోదు.

రకాలు మూడు చూసుకోండి. 12 మి.మీ. పొడవున్న సన్నని పాలీప్రొపిలీన్ పీచు, ఘనపు మీటరుకు 0.9 కిలోల చొప్పున వేస్తారు. ఇది కాంక్రీటు ఇంకా పచ్చిగా ఉన్న మొదటి కొన్ని గంటల్లో, ఎండకూ గాలికీ పైతడి ఆరిపోయి వచ్చే వెంట్రుకవాసి పగుళ్లను ఆపుతుంది. ఆ తరువాత దాని పాత్ర దాదాపు ఉండదు. రెండోది 40–50 మి.మీ. పొడవుండే మందపాటి ప్లాస్టిక్ ఫైబరు, ఘనపు మీటరుకు 2 నుంచి 5 కిలోలు. మూడోది చివరలు వంచిన ఉక్కు ఫైబరు, 20 నుంచి 40 కిలోలు. రెండో, మూడో రకాలు గట్టిపడిన కాంక్రీటులో పగుళ్లను పట్టి ఉంచుతాయి. మీ గుత్తేదారు ధరల పట్టికలో "ఫైబరు" అని మాత్రమే రాసి ఉంటే, ఆయన మనసులో ఉన్నది మొదటి రకమేనని నేను పందెం కాస్తాను; అది చవక, ఒక్కో సంచిని డ్రమ్ములో పడేస్తే చాలు. ఆ పీచుతో పలక మందం తగ్గించడం అంటే, గొడుగు ఉంది కదా అని ఇంటి పైకప్పు తీసేయడం వంటిది.

మందం విషయంలో లెక్క ఇలా ఉంటుంది. చక్రం బరువు వల్ల పలకలో పుట్టే వంపు ఒత్తిడి, మందం వర్గానికి దాదాపు విలోమంగా మారుతుంది. 180 నుంచి 150కి దిగితే ఒత్తిడి ఇంచుమించు 40 శాతం పెరుగుతుంది. అంత లోటును ఘనపు మీటరుకు రెండు మూడు కిలోల ఫైబరు పూడ్చలేదు. మీ కాలనీలో కార్లే తిరుగుతాయి కదా అని అనుకోవద్దు. వేసవిలో నిండుగా వచ్చే 10 వేల లీటర్ల నీళ్ల ట్యాంకరు బరువు లారీతో కలిపి 15 టన్నులు దాటుతుంది. పక్కనే అపార్ట్‌మెంటు కట్టడం మొదలైతే ఆర్ఎంసీ లారీలు రోజుకు పది తిరుగుతాయి. కాలనీ రోడ్లను విరగ్గొట్టేవి ఈ బళ్లే. అవి పలక అంచు మీదుగా, మూలల మీదుగా పోతాయి. పలక విరిగేది కూడా అక్కడే.

ఈ సందర్భంలో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రపు అనుభవం చెప్పుకోదగినది. 1980లలో అక్కడ పాత రోడ్ల కాంక్రీటునే కంకరగా మార్చి పొడవైన పలకలతో కొత్త రహదారులు వేశారు. కొన్నేళ్లకే పలకల నడుమ అడ్డంగా పగుళ్లు వచ్చి, త్వరత్వరగా పాడయ్యాయి. మామూలు కంకర కాంక్రీటులో పగులు వచ్చినా, రెండు వైపులా పొడుచుకువచ్చిన రాళ్లు పళ్లచక్రాల్లా ఒకదానిలో ఒకటి ఇరుక్కుని బరువును పంచుకుంటాయి. పాత కంకర ముక్కలు చిన్నవి, మోర్టారు ఎక్కువ, కాబట్టి పగులు నున్నగా వచ్చి ఆ పట్టు దొరకలేదు. దీని నుంచి నేర్చుకోవలసినవి రెండు: పలకలు పొట్టిగా ఉండాలి, పగులును పట్టి ఉంచే ఏర్పాటు ఏదో ఒకటి ఉండాలి. పాత కంకరకూ, ఫైబరుకూ నిజమైన పొత్తు కుదిరేది ఈ రెండో చోటనే. ఒకటి పోగొట్టిన పగుళ్ల పట్టును మరొకటి కొంతమేర తిరిగి ఇస్తుంది. అందుకే మీ రోడ్డుకు నేను మందపాటి ప్లాస్టిక్ ఫైబరును ఘనపు మీటరుకు 3 కిలోల చొప్పున సూచిస్తాను.

ఫైబరు ఉంది కదా అని జాయింట్లు (పగులు అనుకున్న గీత వెంటే వచ్చేలా పలకలో పెట్టే కోతలు) మానేయవద్దు. జాతీయ రహదారుల్లో అడ్డం జాయింట్లను 4.5 మీటర్లకు ఒకటి చొప్పున కోస్తారు. మీ 5 మీటర్ల వెడల్పును నడిమధ్యన నిలువుగా ఒక కోతతో రెండున్నర, రెండున్నరగా విడదీసి, అడ్డం కోతలను 3 మీటర్లకు ఒకటి పెట్టుకోండి. పలక లోతులో మూడో వంతు వరకు కోయాలి. కోసే సమయమే ప్రాణం. ఒక గేటెడ్ కమ్యూనిటీ పనిలో సాయంత్రం నాలుగు గంటలకు కాంక్రీటు పోయడం ముగిసింది, రాత్రి పన్నెండు లోపు కోయాలి. కోత యంత్రం నడిపే కుర్రవాడు బావమరిది పెళ్లికని వెళ్లి తెల్లవారి తొమ్మిదికి వచ్చాడు. అప్పటికే నాలుగు చోట్ల పలక తనకు నచ్చిన చోట తానే చీలింది. ఫైబరు ఉండడం వల్ల ఆ పగుళ్లు ఇప్పటికీ వెంట్రుక మందంలోనే ఉన్నాయి, నిజమే. కానీ కోయవలసిన గీత ఒకచోట, పగులు మరోచోట ఉన్న ఆ రోడ్డును చూసిన ప్రతిసారీ నాకు మనసు చివుక్కుమంటుంది. కోత యంత్రాలు రెండు, మనుషులు ఇద్దరు పనిస్థలంలో ఉన్నారని చూసిన తరువాతే మొదటి లారీని పిలిపించండి.

ఇప్పుడు పర్యావరణం మాట, అంకెలతో. మీ పాత రోడ్డు 360 ఘనపు మీటర్లు, అంటే సుమారు 860 టన్నుల కాంక్రీటు. క్రషర్‌లో వేస్తే అందులో 60 శాతం వరకు, 510 టన్నులు అనుకుందాం, ముతక కంకరగా వస్తుంది. 180 మి.మీ. పై పలకకు 540 ఘనపు మీటర్ల కాంక్రీటు కావాలి; నాలుగో వంతు పాత కంకర అంటే 150 టన్నులు. కింద 100 మి.మీ. లీన్ కాంక్రీటు పొర 300 ఘనపు మీటర్లు; అందులో ముతక కంకర మొత్తం పాతదే అయితే 360 టన్నులు. రెండూ కలిపితే 510. మీ రోడ్డు తన ముతక కంకరను తానే దాదాపుగా తినేస్తుంది. దీనిలో గమనించవలసినది, పై పలక కంటే కింది పొరలో రెండింతలకు పైగా పాత కంకర పడుతుంది, అదీ ఏ ప్రమాదమూ లేకుండా. లీన్ కాంక్రీటుకు ఏడు రోజుల బలం 7 ఎంపీఏ వస్తే చాలు; చక్రం దాన్ని నేరుగా తాకదు. ఎవరైనా నన్ను ఒక్కటే ఎంచుకోమంటే, పై పలకను పూర్తిగా కొత్త గ్రానైటుతో వేసి, కింది పొర మొత్తం పాత కంకరతో వేయమంటాను.

మిగిలిన సన్నని పొడి భాగాన్ని పై పలకలో ఇసుక బదులు వాడవద్దు. అందులో పాత సిమెంటు పొడి, ఒక్కోసారి ప్లాస్టరు, జిప్సం కలిసి ఉంటాయి. నీళ్ల లెక్క చేయి దాటిపోతుంది. ఫుట్‌పాత్ టైల్స్ కింద పరుపుగా, కందకాలు పూడ్చడానికి అది చక్కగా పనికొస్తుంది.

కర్బన ఉద్గారాల లెక్క ఇంకా ఆసక్తికరమైనది. క్వారీ నుంచి వచ్చే కంకర టన్నుకు అయ్యే ఉద్గారం కొన్ని కిలోలే. సిమెంటుకు మూలమైన క్లింకరు తయారీలో టన్నుకు 800 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడు వెలువడుతుంది. ఇప్పుడు గుత్తేదారు, పాత కంకర వల్ల తగ్గే బలాన్ని పూడ్చడానికని ఘనపు మీటరుకు 20 కిలోల సిమెంటు అదనంగా వేశారనుకోండి. పై పలకకు 10.8 టన్నుల సిమెంటు, అంటే ఇంచుమించు 8, 9 టన్నుల ఉద్గారం పెరుగుతుంది. 150 టన్నుల కంకర ఆదా వల్ల తగ్గేది ఒక టన్ను కూడా ఉండదు. అలాగే ఉక్కు ఫైబరును 25 కిలోల చొప్పున వేస్తే 13.5 టన్నుల ఉక్కు కావాలి, టన్నుకు 2 టన్నుల చొప్పున 27 టన్నుల ఉద్గారం. మందపాటి ప్లాస్టిక్ ఫైబరు మొత్తం 1.6 టన్నులే, టన్నుకు లెక్క అంతే అనుకున్నా 3 టన్నుల పైచిలుకు. ఈ అంకెలు చూశాక, "పచ్చని రోడ్డు" అన్న బోర్డు పెట్టించే ముందు సిమెంటు ఎంత పడుతుందో అడగాలని మీకే తోస్తుంది.

మరి పాత కంకర వల్ల మేలు ఏమిటి? కొండలు తొలచడం తగ్గడం, శిథిలాల లారీలు చెరువుల అంచుల్లో, నాలాల్లో రాత్రిపూట గుమ్మరించడం తగ్గడం. హైదరాబాద్‌లో ఉండే మనకు ఈ రెండింటి విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. కర్బనం తగ్గించడానికి మార్గం వేరే ఉంది: సిమెంటులో కొంత భాగాన్ని థర్మల్ కేంద్రాల బూడిద అయిన ఫ్లై యాష్‌తో గాని, ఉక్కు కర్మాగారాల స్లాగు పొడి అయిన జీజీబీఎస్‌తో గాని మార్చడం. పీపీసీ సిమెంటు వాడితే అందులో ఫ్లై యాష్ 15 నుంచి 35 శాతం ముందే కలిసి ఉంటుంది. దాని మీద మళ్లీ కలపవద్దు, బలం ఆలస్యమై జాయింట్ల కోత వేళ గందరగోళమవుతుంది.

ఖర్చు విషయం త్వరగా ముగిస్తాను. పాత కంకర కొత్తదాని కంటే కొంత చవకగా దొరకవచ్చు, శిథిలాలను దూరం మోసే రవాణా ఖర్చు కొంత మిగులుతుంది. ఫైబరు, మెరుగైన ప్లాస్టిసైజరు, అదనపు పరీక్షలు కలిసి ఆ మిగులును తినేస్తాయి. ఖర్చు సమానంగా తేలితే అదృష్టవంతులమనుకోండి.

కంకర ఎక్కడి నుంచి వస్తుందన్నది ఇంకా ముఖ్యం. నగరంలో జీడిమెట్లలోనూ, నాగోల్ దగ్గర ఫతుల్లాగూడలోనూ రోజుకు 500 టన్నుల సామర్థ్యం గల శిథిలాల శుద్ధి కేంద్రాలు ఉన్నాయి. మీకు ఫతుల్లాగూడ దగ్గర. అయితే కేంద్రానికి చేరే శిథిలాల్లో ఇళ్ల కూల్చివేతలే ఎక్కువ, ఇటుక తప్పక ఉంటుంది. మీ రోడ్డు కాంక్రీటును విడిగా పంపి, విడిగా పగలగొట్టించి, ఆ కంకరనే తిరిగి ఇచ్చేలా మాట్లాడుకోగలిగితే పై పలకకు వాడవచ్చు. కుదరకపోతే అక్కడ దొరికే మిశ్రమ కంకరను కింది పొరకే పరిమితం చేయండి. కాలనీలోకే చిన్న క్రషర్ తెస్తామని ఎవరైనా అంటే వద్దనండి. ఆ దుమ్ముకూ, చప్పుడుకూ రెండో రోజే పోలీసు ఫిర్యాదు వస్తుంది. ప్రభుత్వ, పురపాలక పనుల్లో శిథిలాల నుంచి చేసిన సామగ్రిని 10 నుంచి 20 శాతం వరకు కొనే ఏర్పాటు చేయాలని 2016 నాటి నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల నియమాలు రాష్ట్రాలకు చెప్పాయి. కాబట్టి వార్డు కార్యాలయంలో ఈ ప్రతిపాదన పెడితే అది కొత్త మాటేమీ కాదు.

పై పలకకు వెళ్లే కంకరకు అరుగుదల పరీక్ష చేయించండి. చక్రాలు నేరుగా తాకే పొరలో లాస్ ఏంజిలిస్ అనే పరీక్షలో వచ్చే అరుగుదల విలువ 30 శాతం మించకూడదని ఐఎస్ 383 చెబుతుంది. పాత కంకర చాలాసార్లు 30 దాటుతుంది, అలాంటప్పుడు అది పై పలకకు పనికిరాదు. ఆస్ట్రియాలో ఈ చిక్కును రెండు పొరలతో దాటారు: కింది భాగం పాత కంకర కాంక్రీటు, దాని మీద పచ్చిగా ఉండగానే గట్టి రాయితో పలుచని పై భాగం. ఆటోబాన్‌లలో యంత్రాలతో చేసే ఆ పనిని మన కాలనీ సందుల్లో చేతితో చేయిస్తే రెండు పొరలూ అతుక్కోకుండా పోయే ప్రమాదం ఎక్కువ, ప్రయత్నించవద్దు.

బలం పరీక్షకు క్యూబులు మాత్రమే చాలవు. రోడ్డు పలక నలిగి చావదు, వంగి విరుగుతుంది. అందుచేత 150 మి.మీ. చదరం, 700 మి.మీ. పొడవు గల బీములు కూడా పోయించి వంపు బలం చూడాలి. రహదారి స్థాయి ఎం40 కాంక్రీటుకు 28 రోజుల వంపు బలం 4.5 ఎంపీఏ అడుగుతారు. మీ రోడ్డుకు ఎం30 కంటే దిగవద్దు, దానికి సుమారు 3.8 వస్తుంది.

ఫైబరు నిజంగా పడిందో లేదో తెలుసుకోవడానికి మీరే చేయగల పరీక్ష ఒకటి ఉంది. లారీ నుంచి సరిగ్గా 10 లీటర్ల పచ్చి కాంక్రీటును బకెట్టులో పట్టి, పెద్ద తొట్టిలో నీళ్లతో కడగండి. ప్లాస్టిక్ ఫైబరు నీటి కంటే తేలిక, పైకి తేలుతుంది. ఏరి, ఆరబెట్టి తూచితే, ఘనపు మీటరుకు 3 కిలోల మోతాదుకు 30 గ్రాములు రావాలి. ఉక్కు ఫైబరైతే అయస్కాంతంతో ఏరవచ్చు, 25 కిలోలకు 250 గ్రాములు. ఒక లారీ మొదట్లో, నడుమ, చివర మూడుసార్లు తీసి చూడండి. మూడూ దగ్గరదగ్గరగా ఉంటే కలపడం బాగా జరిగినట్టు. ఒక పనిలో లారీ మొదట్లో ఏమీ రాలేదు, చివర్లో జడల్లా ఉండలు వచ్చాయి. సంచులన్నీ ఒకేసారి డ్రమ్ములో గుమ్మరించారని అప్పుడు బయటపడింది. కొద్దికొద్దిగా వేస్తూ, డ్రమ్మును పూర్తి వేగంతో తిప్పుతూ కలపాలి. ఉక్కు ఫైబరు వేసిన ఒక రోడ్డు మీద పైకి పొడుచుకు వచ్చిన ముక్కలు చెప్పుల్లో దిగేవి. పిల్లలు ఆడుకునే కాలనీ రోడ్డుకు నేను దాన్ని వద్దనడానికి అదీ ఒక కారణం.

పోసే వేళ, తడిపి ఉంచే తీరు గురించి చెప్పకపోతే ఇదంతా వృథా అవుతుంది. కాంక్రీటు వేడి 30 డిగ్రీలు మించకూడదు; హైదరాబాద్ ఏప్రిల్, మే నెలల్లో పగటిపూట అది సాధ్యం కాదు. వానలు వెనకబట్టిన తరువాత, నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు, ఉదయం పూట పెట్టుకోండి. పైన మెరుపు ఆరగానే క్యూరింగ్ కాంపౌండు (తడి ఆవిరైపోకుండా ఆపే ద్రవం) చల్లి, గట్టిపడ్డాక తడి గోనెపట్టాలు కప్పి, 14 రోజులు తడి ఆరనివ్వవద్దు. మడులు కట్టి నీళ్లు నిలపడం పాత పద్ధతే గాని, పాత కంకర కాంక్రీటుకు దానంత మంచిది లేదు. కుంచింపు మొదలయ్యేలోపు బలం పుంజుకుంటుంది. ట్యాంకర్లను 28 రోజుల వరకు రానివ్వవద్దు, సంఘం తరఫున ముందే నోటీసు పెట్టండి.

మ్యాన్‌హోల్ ఉన్న ప్రతి చోటా దాని చుట్టూ చతురస్రంగా విడి జాయింటు (పలక మ్యాన్‌హోల్‌కు అతుక్కోకుండా వదిలే సందు) ఇచ్చి, కోత గీతలు ఆ మూలలకు కలిసేలా గీయించండి. లేకపోతే పగుళ్లు అక్కడి నుంచే మొదలవుతాయి. మంచినీటి, కేబుల్, గ్యాస్ పైపుల కోసం రోడ్డుకు అడ్డంగా 50 మీటర్లకు ఒకటి చొప్పున ఖాళీ పీవీసీ గొట్టాలు లీన్ పొర కింద ముందే పాతి, వాటి స్థానాలను గోడల మీద రంగుతో గుర్తు పెట్టించండి. ఫైబరు వేసిన పలకను తవ్వి అతుకు వేయడం మామూలు పలక కంటే కష్టం, ఆ అతుకు ఎప్పటికీ కలవదు.

కాబట్టి పని మొదలుపెట్టేలోపు గుత్తేదారు నుంచి నాలుగు కాగితాలు తీసుకోండి: మందం లెక్క, పాత కంకర మీద చేసిన నీటి పీల్పు–అరుగుదల పరీక్షల ఫలితాలు, ఫైబరు రకమూ మోతాదూ స్పష్టంగా రాసిన మిక్స్ డిజైన్ (కాంక్రీటులో ఏది ఎంత కలపాలో చెప్పే పట్టిక), అదే మిక్స్‌తో ముందుగా పోసిన ప్రయోగ బీముల 28 రోజుల ఫలితం. చివరిదానికి నెల పడుతుంది కనుక దాన్ని ఇప్పుడే అడగండి. ఆ కాగితాల అంకెలు ఇక్కడ రాస్తే, నాకు తెలిసినంతలో చూసి చెబుతాను.